బగ్గీ కన్వర్షన్ కిట్ కొనేముందు ఏం చూడాలి?

సంపాదకులు గారికి నమస్కారం.

రిమోట్ రేసింగ్ కార్ల గురించి మన పత్రికల్లో ఎప్పుడైనా రాస్తే అది వేగంతో మొదలై ధరతో ముగుస్తుంది. మట్టి ట్రాకుల మీద పోటీకి దిగే కాలేజీ పిల్లలకు కావలసింది ఆ రెండూ కాదు. వాళ్ల దగ్గర ఉండేది చాలావరకు సెకండ్‌హ్యాండ్‌లో కొన్న పాత 1/10 బగ్గీ, అంటే అసలు కారులో పదోవంతు కొలతతో మట్టి మీద నడవడానికి చేసిన రిమోట్ కారు. మోటారు వెనుక ఇరుసుకు అవతల వేలాడే రకం. దాన్ని పారేయకుండా కొత్త తరం కార్ల పక్కన నిలబెట్టడానికి కన్వర్షన్ ఛాసిస్ కిట్, అంటే కారు అడుగు చట్రాన్ని మార్చి మోటారును ముందుకు జరిపే భాగాల పెట్టె, ఒక మంచి దారి. అయితే ఈ కిట్లను అమ్మేవాళ్లు చెప్పేది సగమే, కొనేవాళ్లు అడిగేది అందులో సగం. మిగతాదంతా కారు విప్పేశాక బల్ల మీద బయటపడుతుంది. ఆ మిగతా భాగం గురించే ఈ ఉత్తరం. కాస్త పొడవైనా ప్రచురించగలరు.

ముందుగా ఈ కిట్ల వెనకున్న చరిత్ర కొంచెం చెప్పాలి. ఎందుకంటే ఇవి పనికిరాని అలంకారాలని ఒక అపోహ ఉంది. అమెరికాలోని టీమ్ అసోసియేటెడ్ కంపెనీ 1984లో ఆర్‌సీ10 బగ్గీని తెచ్చింది. బంగారు రంగు అల్యూమినియం తొట్టి లాంటి ఛాసిస్ దానిది. మరుసటి ఏడాది కాలిఫోర్నియాలోని డెల్ మార్‌లో జరిగిన మొదటి 1/10 ఆఫ్‌రోడ్ ప్రపంచ పోటీల్లో టూవీల్ డ్రైవ్ విభాగం ఆ కారుదే. అయినా చిన్న చిన్న కంపెనీలు ఊరుకోలేదు. తొట్టి తీసేసి చదునైన గ్రాఫైట్ పలకలు అమ్మాయి, ఎమ్‌ఐపీ అనే కంపెనీ అయితే ఆ కారును ఫోర్‌వీల్ డ్రైవ్‌గా మార్చే కిట్టే తెచ్చింది. తర్వాత అదే అసోసియేటెడ్ వారి బీ4 బగ్గీ కాలంలో ఎక్స్-ఫ్యాక్టరీ వారి ఎక్స్-6, సెంట్రో వారి సీ4 కిట్లు మోటారును ఇరుసుకు ముందువైపు తెచ్చి చూపించాయి. పెద్ద కంపెనీలూ ఆ బాటే పట్టాయి. 2011లో టీఎల్‌ఆర్ కంపెనీ 22 అనే కారు ఒకే పెట్టెలో రెండు అమరికలకూ భాగాలు ఇచ్చింది, 2014లో అసోసియేటెడ్ బీ5ను వెనుక మోటారుతో, బీ5ఎమ్‌ను మధ్య మోటారుతో విడివిడిగా అమ్మింది. ఇవాళ ఫ్యాక్టరీ కార్లలో మామూలైపోయిన అమరికకు ప్రచారం తెచ్చింది ఈ కన్వర్షన్లే.

ఇక అసలు విషయం. కన్వర్షన్ కిట్ అంటే కారు కాదు. పెట్టెలో సాధారణంగా ఉండేవి అడుగు పలక, దాని పక్కల ప్లాస్టిక్ గార్డులు, గేర్‌బాక్స్‌ను తిప్పి బిగించే దిమ్మెలు, పై బ్రేసులు, బ్యాటరీ పట్టీ, కొన్ని స్పేసర్లు, స్క్రూలు. చక్రాలను పట్టి ఉంచే ముందు వెనుక ఆర్మ్‌లు, హబ్‌లు, షాక్‌లు, వాటిని బిగించే టవర్లు, చక్రాలను తిప్పే డ్రైవ్‌షాఫ్టులు, స్టీరింగు, గేర్‌బాక్స్ లోపలి పళ్లచక్రాలు, డిఫ్ (డిఫరెన్షియల్) అన్నీ బేస్ కారు, అంటే మన పాత కారు నుంచే రావాలి. ఇవి రెండూ కలిసినా కారు పూర్తికాదు. మధ్య మోటారు అమరికలో పొడుగాటి బ్యాటరీకి చోటుండదు. 138 మి.మీ. స్టిక్ ప్యాక్ బదులు దాదాపు 96 మి.మీ. పొడవుండే షార్టీ ప్యాక్ కొనాలి. బ్యాటరీని స్టీరింగు తిప్పే సర్వో మోటారుకు ఆనించి పెట్టే డిజైన్లలో ఎత్తు తక్కువ సర్వో కావాలి. పాత బాడీ మోటారు మీదికి దిగదు కాబట్టి క్యాబిన్ ముందుకు జరిగిన బాడీ కావాలి. ఈ మూడింటి ధర కలిపితే కొన్నిసార్లు కిట్ ధరను మించుతుంది. అమ్మేవాళ్లు ఈ మూడో జాబితాను రాయరు. కొనేవాళ్లు పట్టుబట్టి అడగాల్సింది దాన్నే.

బేస్ కారు పేరు విషయంలో ఒక్క అంకె కూడా వదలకూడదు. బీ4 అని రాసి ఉంటే బీ4కా, బీ4.1కా, బీ4.2కా అని తేల్చుకోవాలి. ఒకే వంశంలోని కార్లయినా వెర్షన్ మారితే కొన్ని భాగాలు మారుతుంటాయి, ఆ మారిన భాగమే కిట్‌కు కావలసింది కావచ్చు. ఆగిపోయిన మోడల్‌కు కిట్ కొనేముందు దాని ముందు, వెనుక ఆర్మ్‌లు ఇంకా దొరుకుతున్నాయో లేదో చూసుకోవాలి. ఆర్మ్‌లు విరగడం ఈ ఆటలో రోజువారీ వ్యవహారం. అవి దొరకని కారుకు కిట్ ఎంత చవకగా వచ్చినా కొనవద్దనే చెబుతాం.

స్క్రూల సంగతి చాలామందికి చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ ఎక్కువ కార్లు పాడయ్యేది ఇక్కడే. బీ4 వరకు అసోసియేటెడ్ వాడినవి అమెరికా కొలతల 4-40 స్క్రూలు. బీ5 నుంచి మెట్రిక్ ఎమ్3కి మారారు. చూపుకు రెండూ ఒకటే. 4-40 వ్యాసం 2.84 మి.మీ., మరకు మరకు మధ్య దూరం 0.635 మి.మీ. ఎమ్3 వ్యాసం 3 మి.మీ., మర దూరం 0.5 మి.మీ. అల్యూమినియం రంధ్రంలో ఒకదాని బదులు ఇంకోటి పెడితే ఒకటి రెండు చుట్లు తిరిగి పట్టేస్తుంది. అక్కడ బలం ప్రయోగిస్తే మర కొట్టుకుపోయి భాగం మొత్తం వృథా అవుతుంది. ప్లాస్టిక్‌లో అయితే ఎమ్3 దూరిపోతుంది, రంధ్రం వెడల్పవుతుంది, మళ్లీ 4-40 ఎప్పటికీ నిలవదు. పాత కారు ఒక కొలతలో, కిట్ స్క్రూలు ఇంకో కొలతలో ఉన్నప్పుడు రెండు డబ్బాలు పెట్టుకుని కలవకుండా చూసుకోవాలి.

పానాలదీ ఇదే లెక్క. 4-40 చదును తల, గుండ్రటి తల స్క్రూలకు 1/16 అంగుళం, అంటే 1.59 మి.మీ. హెక్స్ డ్రైవర్ కావాలి. చేతిలో ఉన్న 1.5 మి.మీ. డ్రైవర్ అందులో వదులుగా దిగుతుంది, రెండోసారి తిప్పేసరికి మూలలు అరిగి స్క్రూ తల గుండ్రమైపోతుంది. అవే తలలున్న ఎమ్3 స్క్రూలకు 2 మి.మీ. డ్రైవర్ వాడాలి. పొడవు కూడా కొలిచి పెట్టాలి. గేర్‌బాక్స్ కింద 10 మి.మీ. స్క్రూ పెట్టాల్సిన చోట 12 పెడితే దాని కొన దిమ్మెను చీల్చవచ్చు, లోపలి బేరింగునో పళ్లచక్రాన్నో తాకవచ్చు. స్క్రూ వదులవకుండా పూసే నీలం థ్రెడ్‌లాక్ లోహానికి లోహం కలిసే చోట మాత్రమే, అదీ ఒక చుక్క. ప్లాస్టిక్‌కు తగిలితే కొన్ని రకాలు పెళుసెక్కి పగులుతాయి.

ఇప్పుడు గేర్‌బాక్స్. కన్వర్షన్‌కు గుండెకాయ ఇదే, అందరూ తికమకపడేదీ ఇక్కడే. వెనుక మోటారు కారులో మోటారుకు ఉండే చిన్న పళ్లచక్రం పినియన్, స్పర్ అనే పెద్ద పళ్లచక్రాన్ని తిప్పుతుంది, స్పర్ ఉన్న పై షాఫ్టు గేరు మధ్య గేరును, మధ్య గేరు డిఫ్‌ను తిప్పుతాయి. దీన్నే మూడు గేర్ల పెట్టె అంటారు. పై గేరు, మధ్య గేరు, డిఫ్ గేరు. పళ్లు కలిసిన ప్రతిచోటా దిశ తిరగబడుతుంది కాబట్టి మూడు కలయికల తర్వాత మోటారు ఒక దిశలో, చక్రాలు దానికి ఎదురు దిశలో తిరుగుతాయి. మోటారును ముందుకు తేవడానికి ఇదే పెట్టెను అటుది ఇటు తిప్పి బిగించామనుకోండి. లోపల ఏమీ మారలేదు, కారు మాత్రం వెనక్కి నడుస్తుంది. మోటారును తిరగేసి నడిపితే తప్ప ముందుకు పోదు.

బ్రష్ మోటార్ల కాలంలో ఇది పెద్ద అడ్డంకి. ఒక దిశకు టైమింగ్, అంటే కరెంటు అందే క్షణం సరిచేసి పెట్టిన మోటారును ఎదురు దిశలో తిప్పితే బలం తగ్గి, నిప్పురవ్వలు పెరిగి, బ్రష్‌లు త్వరగా అరిగేవి. బ్రష్‌లెస్ వచ్చాక పని తేలికైంది, కానీ అందులోనూ ఒక గుంట ఉంది. లోపల తిరిగే భాగం (రోటరు) ఎక్కడుందో చెప్పే సెన్సర్ తీగ ఉన్న మోటారుకు ఎ, బి, సి తీగల్లో రెండింటిని మార్చి కలిపితే దిశ మారుతుందని కొందరు అలాగే చేస్తారు. సెన్సర్ లేని మోటారుకు అది సరే. సెన్సర్ ఉన్నదానికి అలా చేస్తే సెన్సర్ చెప్పే వరుస, తీగల్లో పోయే కరెంటు వరుస పొసగవు. మోటారు కొట్టుకుంటుంది, కదలదు, మోటారుకు కరెంటును అదుపుచేసే ఈఎస్‌సీ కాలిపోయే ప్రమాదమూ ఉంది. తీగలు అక్షరాల ప్రకారమే కలిపి, ఈఎస్‌సీ సెట్టింగుల్లో మోటారు దిశను మార్చాలి. ఆ సెట్టింగ్ లేని ఈఎస్‌సీ అయితే తిప్పి బిగించే పెట్టెకు అది పనికిరాదు. కొనేముందు దాని మాన్యువల్‌లో ఈ ఒక్క మాట వెతకండి. మోటారు వెనుక మూతను తిప్పి టైమింగ్ మార్చే రకమైతే, ఎదురు దిశలో ఎలా పెట్టాలో ఆ మోటారు తయారీదారు సూచన చూడాలి. ఒక దిశకు పెట్టిన గుర్తు రెండో దిశకు అదే ఫలితం ఇస్తుందని అనుకోకూడదు.

రెండో దారి నాలుగు గేర్ల పెట్టె. మధ్యలో ఇంకో గేరు చేరడంతో మోటారు, చక్రాలు ఒకే దిశలో తిరుగుతాయి. మూడా, నాలుగా అన్నది ట్రాక్‌ను బట్టి తేల్చాలి. రోటరు వేగం పుంజుకున్నప్పుడల్లా దాని ఎదురు బలం ఛాసిస్ మీద పడుతుంది. రోటరు చక్రాల దిశలోనే తిరిగితే ఆ బలం కారు ముక్కును లేపి బరువును వెనుక టైర్ల మీదికి నెడుతుంది. పొడి మట్టి, తక్కువ పట్టు ఉన్న ట్రాక్‌లో మనకు కావలసింది అదే. ఎదురు దిశలో తిరిగితే ముక్కు నేలను అంటిపెట్టుకుని ఉంటుంది, యాక్సిలరేటర్ నొక్కుతూనే కారు మలుపు తిరుగుతుంది. కార్పెట్, ఆస్ట్రోటర్ఫ్, గట్టి బంకమట్టి మీద మూడు గేర్లే మేలు. మన దగ్గర టెక్ ఫెస్టులకు పోసే ట్రాకులు దుమ్ము లేచే వదులు మట్టివి. అక్కడ నాలుగు గేర్ల కిట్ దొరికితే దానికే పోవాలన్నది మా అభిప్రాయం. ఇంకో మాట కూడా నిర్మొహమాటంగా చెప్పాలి. బాగా వదులుగా, గోతులతో ఉన్న మట్టి మీద పాత వెనుక మోటారు కారే ఇప్పటికీ నడపడానికి సుఖం. ఇరుసు వెనుక వేలాడే బరువు టైర్లను నేలకు అదుముతుంది. అలాంటి చోట మాత్రమే నడిపేవాళ్లు ఈ కిట్‌కు పెట్టే డబ్బు టైర్ల మీద పెడితే ఎక్కువ ఫలితం.

పినియన్, స్పర్ ఒకే కొలతవి కావాలి. పళ్ల పరిమాణాన్ని పిచ్‌లోనో మాడ్యూల్‌లోనో చెబుతారు, 1/10 బగ్గీల్లో 48 పిచ్ ఎక్కువ. 0.5 మాడ్యూల్ పినియన్ దానికి దగ్గరగా కనిపిస్తుంది, కానీ 48 పిచ్ అంటే దాదాపు 0.529 మాడ్యూల్. ఈ రెంటినీ కలిపితే మొదట చెవులు చిల్లులుపడే మోత, ఆ తర్వాత స్పర్ పళ్లు ఊడిపోవడం. రెండింటి మధ్య పలుచని కాగితపు ముక్క పెట్టి మోటారును దగ్గరికి జరిపి బిగించి, కాగితం లాగేస్తే సరిపడా సందు మిగులుతుంది. మొత్తం నిష్పత్తి తెలియాలంటే స్పర్ పళ్లను పినియన్ పళ్లతో భాగించి, వచ్చినదాన్ని గేర్‌బాక్స్ లోపలి నిష్పత్తితో గుణించాలి. బీ4 పెట్టెలో అది 2.60. 72 పళ్ల స్పర్, 28 పళ్ల పినియన్ ఉంటే 2.57ను 2.60తో గుణించగా సుమారు 6.69. కిట్ వేసిన తర్వాత మొదటి పరుగులకు పాత పినియన్ కంటే ఒకటి రెండు పళ్లు చిన్నది వేయడం మంచిది. మధ్యలోకి వచ్చిన మోటారుకు బాడీ కింద గాలి తక్కువ, వేడి త్వరగా ఎక్కుతుంది. మూడు నాలుగు నిమిషాలు నడిపి ఆపిన వెంటనే ఉష్ణోగ్రత చూసే గన్‌తో మోటారు డబ్బాను కొలవండి. 75 డిగ్రీల సెల్సియస్ దాటుతుంటే పినియన్ తగ్గించాలి, లేదా బాడీకి వెనుక గాలిదారి కోసి చిన్న ఫ్యాన్ పెట్టాలి. వేడికి రోటరులోని అయస్కాంతం బలం పోగొట్టుకుంటే అది మళ్లీ రాదు.

బిగించే పని మొదలుపెట్టేముందు పాత కారు కొలతలు రాసుకోవాలి. నాలుగు షాక్‌ల పొడవు, చక్రాల నిలువు వంపును నిలిపే క్యాంబర్ లింకుల పొడవు, నేల నుంచి ఛాసిస్ ఎత్తు, ఇరుసుల మధ్య దూరం, వెనుక చక్రాల టో, అంటే అవి లోపలికి తిరిగి ఉన్న కోణం. తర్వాత రెండు వంటింటి డిజిటల్ త్రాసులు ఒకే ఎత్తున పెట్టి ఒకదాని మీద ముందు చక్రాలు, రెండోదాని మీద వెనుక చక్రాలు ఉంచి బరువు రాయాలి. కిట్ వేశాక మళ్లీ తూచితే ఎంత బరువు ముందుకు జరిగిందో అంకెల్లో తెలుస్తుంది. కారు మలుపులో వెనుక జారుతోందంటే ఊహాగానాలు అక్కర్లేదు, బ్యాటరీని వెనక్కి జరపాలో ఇత్తడి దిమ్మె ఎక్కడ పెట్టాలో ఆ అంకెలే చెబుతాయి. అమెరికా, యూరప్ నిబంధనల్లో 1/10 టూవీల్ బగ్గీకి కనీస బరువు 1474 గ్రాములు, ఫోర్‌వీల్‌కు 1588. కార్బన్ పలక, షార్టీ బ్యాటరీ కలిస్తే కారు ఆ గీత కిందికి దిగిపోవచ్చు. లోటును సర్వో కిందనో, బ్యాటరీ పక్కనో ఇత్తడితో పూడ్చాలి.

కార్బన్ పలక అంచులను సన్నని నీటి గరుకు కాగితంతో తడిపి రుద్ది, పలుచని సూపర్ గ్లూ పూసి ఆరనివ్వాలి. అంచు పొరలు విడిపోకుండా ఉండేది దీనివల్లే. పొడిగా రుద్దవద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు, మాస్కు తప్పనిసరి. కార్బన్ కరెంటును పారనిస్తుంది కాబట్టి బ్యాటరీ తీగల మీది రబ్బరు పొర అంచుకు ఒరుసుకుని చిరిగితే షార్ట్ అవుతుంది. తీగలు పలకను తాకే చోట టేపు వేయాలి.

పలకకు భాగాలన్నీ ముందు వదులుగా ఎక్కించి, కారును మందపాటి గాజు పలక మీద పెట్టి, స్క్రూలను ఎదురెదురు మూలలుగా కొంచెం కొంచెం బిగించాలి. ఒకవైపు నుంచి వరుసగా బిగించుకుంటూ పోతే ఛాసిస్ మెలిపడుతుంది, కారు ఎడమకు ఒకలా కుడికి ఒకలా తిరుగుతుంది. అలాంటి కారుకు స్ప్రింగులు మార్చి లాభం లేదు. షాక్‌లు తగిలించకముందే వెనుక ఆర్మ్‌లను పూర్తిగా కిందికి, పూర్తిగా పైకి కదిపి చూడండి. గేర్‌బాక్స్ ఎత్తు ఒక మిల్లీమీటరు మారినా డ్రైవ్‌షాఫ్టు కోణం మారుతుంది. కిందికి దించినప్పుడు బయటికి జారొస్తుంటే షాక్ లోపల స్పేసర్ వేసి ప్రయాణం తగ్గించాలి. పైకి ఎత్తినప్పుడు అది కూర్చునే డిఫ్ కప్పు (అవుట్‌డ్రైవ్) అడుగున తగిలి బిగుసుకుంటే షాఫ్టు పొడవెక్కువ. అదే పట్టాన నడిపితే డిఫ్ అవుట్‌డ్రైవ్ విరుగుతుంది.

1/8 నైట్రో బగ్గీలను ఎలక్ట్రిక్‌కు మార్చే కిట్లు ఇంకో కుటుంబం. నైట్రో ఇంధనం దొరకడమే కష్టమైన మన ఊళ్లలో వాటి అవసరం ఎక్కువ. కాలిఫోర్నియాలోని టెక్నో ఆర్‌సీ ఇలాంటి కిట్లతోనే పేరు తెచ్చుకుని తర్వాత సొంత కారు చేసింది. ఇంజిన్ చోట మోటారు దిమ్మె, ట్యాంకు చోట బ్యాటరీ తొట్టి వస్తాయి. నాలుగు సెల్‌ల లైపో బ్యాటరీ, దాదాపు 2000 కేవీ (ఒక్కో వోల్టుకు నిమిషానికి తిరిగే చుట్లు) మోటారు, మాడ్యూల్ 1 కొలతలో 15 నుంచి 17 పళ్ల పినియన్ సాధారణ లెక్క. ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఫ్లైవీల్ కోసం పలకలో కోసిన సందు మూయకపోతే రాళ్లు దూరి స్పర్‌ను తినేస్తాయి. రెండోది బ్రేకులు. నైట్రో కారులో ముందు, వెనుక బ్రేకులను విడిగా సవరించుకోవచ్చు. కిట్ వేశాక బ్రేకు మోటారు నుంచి మధ్య డిఫ్ గుండా పోతుంది కాబట్టి ఆ సవరణ పోతుంది. మధ్య డిఫ్‌లో ఇదివరకటి కంటే చిక్కని సిలికాన్ నూనె పోసి చూసుకోవడమే మార్గం. ఈఎస్‌సీ నుంచే రిసీవర్‌కు కరెంటు వస్తుంది, పాత రిసీవర్ బ్యాటరీని తీసేయాలి. రెండూ కలిపి ఉంచకూడదు.

విదేశాల నుంచి తెప్పించే భాగం తప్పైతే వెనక్కి పంపడం గగనం. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగాక ఈ సరదాకు పెట్టే ప్రతి రూపాయీ లెక్కే. అందుకే కిట్లు తెప్పించి అమ్మే దుకాణదారులకు మా విన్నపం ఒకటే. పెట్టె మీద గానీ బిల్లు వెనుక గానీ నాలుగు ముక్కలు రాయండి. ఏ కారు ఏ వెర్షన్‌కు సరిపోతుంది, స్క్రూలు 4-40నా ఎమ్3నా, గేర్లు మూడా నాలుగా, విడిగా కొనాల్సినవి ఏవి.

టెక్ ఫెస్టులు నడిపే కాలేజీలకు కూడా ఒక మాట. నిబంధనల కాగితంలో కన్వర్షన్ కార్లకు అనుమతి ఉందో లేదో, మోటారు స్థానం మీద ఆంక్ష ఉందో లేదో, కనీస బరువెంతో పోటీకి కనీసం ఒక నెల ముందే రాయండి. పిల్లలు కిట్ తెప్పించి, బిగించి, తనిఖీ బల్ల దాకా వచ్చాక తిప్పి పంపే పరిస్థితి అప్పుడు రాదు.

ఇట్లు,
ఆఫ్‌రోడ్ బగ్గీ రేసింగ్ అభిమానులు,
హైదరాబాద్